చెమ్మ తగలని గది

వీధి వైపు కింది గది. గది నిండా పాత కారు. కారు కింద వెల్లకిలా పడుకుని కొడుకు, పక్కన మడత కుర్చీలో తల్లి, ఇంట్లోకి వెళ్ళే గుమ్మంలో కోడలు.

"అది కాదురా నాయనా. నేను అడిగిందేమిటి, నువ్వు చెబుతున్నదేమిటి? గది ఎప్పుడు ఖాళీ చేస్తావని నేనడిగాను. నువ్వేమో బండికి తుప్పు పట్టకుండా పోసిన మైనం ఎప్పుడు ఆరుతుందో చెబుతున్నావు."

"రెండూ ఒకటేనమ్మా. మైనం ఆరితే బండి కదులుతుంది. బండి కదిలితే గది నీదే."

"ఇదివరకు ప్రైమర్ ఆరాలన్నావు."

"ఆరింది."

"అంతకు ముందు తుప్పు గీకాలన్నావు."

"గీకేశాను."

"అన్నీ అయిపోతూనే ఉన్నాయి, గది మాత్రం అవటం లేదు."

"అడగండత్తయ్యా, గట్టిగా అడగండి. నేనడిగితే ఈయన మొత్తం కారు కిందికి దూరిపోతారు. మీరడిగితే కాళ్ళయినా బయట ఉంటున్నాయి."

"నువ్వు కాసేపు ఊరుకోవే. ఇది అమ్మకీ నాకూ మధ్య సంగతి."

"మీ ఇద్దరి మధ్య సంగతేనండీ. మరి నిన్న అత్తయ్య మెట్ల మీద జారినప్పుడు పట్టుకున్నదెవరు? ఒక చేతిలో నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో అత్తయ్య. మీరేమో ఇక్కణ్ణుంచే, ఏమిటే ఆ చప్పుడు, దుమ్ము రేగుతుంది అన్నారు."

"జారలేదే అమ్మాయ్. కూర్చున్నాను."

"పై మెట్టు మీద కూర్చోబోయి కింది మెట్టు మీద కూర్చున్నారా?"

"సరే, జారాననే అనుకో. అందుకే కదా ఈ గది అడుగుతున్నది. ఈ మోకాళ్ళతో ఇంక మెట్లెక్కలేనురా. పోనీ కష్టపడి ఎక్కుతాననుకో, పైన ఏముంది? మంచం ఈ మూల వేస్తే ఈ మూల కారుతుంది. ఆ మూలకి లాగితే నన్ను వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది. పోయిన వానల్లో మంచం కోడుకి గొడుగు కట్టుకుని పడుకున్నాను. మళ్ళీ మబ్బు పడుతోంది, చూశావా? చూడలేవులే, నీకు కనిపించేది ఆ రేకే కదా."

"కప్పు బాగు చేయిస్తానన్నాను కదమ్మా."

"అన్నావు నాయనా, ఎందుకనలేదు. తారు డబ్బా కూడా తెచ్చావు. తెచ్చి దాని పొట్టకి పూశావు."

"అడుగు రేకుకి తారు తప్పనిసరమ్మా. రోడ్డు మీద నీళ్ళు చిమ్మితే ముందు తుప్పు పట్టేది అక్కడే."

"ఏ రోడ్డు మీదండీ?"

"నిన్ను ఊరుకోమన్నానా?"

"దాన్నెందుకురా కసురుతావు? నన్నడిగితే అదే సరైన ప్రశ్న. మీ నాన్న ఈ బండి నడిపినన్నాళ్ళూ దీనికి కప్పన్నది తెలియదు. ఎండలో అక్కడే, వానలో అక్కడే. వానాకాలంలో బట్టలారకపోతే, ఇంజను వేడిగా ఉంది కదా అని నా చీరలన్నీ తెచ్చి దీని ముక్కు మీద పరిచేవాడు. ఒకసారి నీ లాగు దాని మీదే మరిచిపోయి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా అక్కడే అతుక్కుని ఉందట. అందరూ అదేదో బండి తుడిచే కొత్త రకం గుడ్డేమో అనుకున్నారట."

"అందుకేనమ్మా ఇది ఇలా తుప్పు పట్టింది. నాన్నకి రేకు విలువ తెలియదు."

"మనిషి విలువ తెలిసేది. సరేలే. ఇప్పుడు దీని వైభోగం చూడు. ఇంట్లో ఉన్న ఒక్క టేబులు ఫ్యానూ దీనికే. హీటరు దీనికే. గోడకి గడియారంలాగా అదేదో తగిలించావు..."

"చెమ్మ కొలిచేదమ్మా అది."

"అదే. పొద్దునా సాయంత్రం జ్వరం చూసినట్టు చూస్తావు. నా ఉన్ని దుప్పటి తెచ్చి దీనికి కప్పావు."

"అది పాత దుప్పటి కదమ్మా."

"నేను కప్పుకున్నంత కాలం అది పాతది కాలేదు నాయనా."

"ఆయన స్నేహితుల సంగతి చెప్పండత్తయ్యా."

"ఎందుకు లేవే. పాపం మంచివాళ్ళే. సెలవు రోజు వస్తారు, పొట్టల మీద చేతులు పెట్టుకుని దీని చుట్టూ నిలబడతారు. ఒకాయన తలుపు మీద వేలితో టక్ టక్ కొట్టి, చెవి ఆనించి, ఇంకా లోపల తుప్పుందండీ అంటాడు. డాక్టరే నయం. డాక్టరు కనీసం మందు రాసిచ్చి వెళ్ళిపోతాడు. ఈయన టీ తాగి మరీ వెళతాడు. ఇంకొకాయన నూనె కొట్టమంటాడు, మరొకాయన నూనె కొట్టావంటే చచ్చావే అంటాడు. వీడు ఇద్దరికీ సరే అంటాడు. మొన్న నేను మోకాలు పట్టుకుని లేస్తుంటే ఆ వేలితో కొట్టే ఆయన చూశాడు. కనీసం ఎలా ఉన్నారమ్మా అని కూడా అడగలేదు. కీలు దగ్గర చప్పుడొస్తే అక్కడ గ్రీజు అయిపోయినట్టే అన్నాడు. నా గురించే అనుకుని తలూపాను. తీరా చూస్తే వెనక తలుపు గురించట."

"అమ్మా, వాళ్ళు నిపుణులు."

"కాదని ఎవరన్నారు? సరే, ఒక్క మాట చెప్పు. ఎడమ పక్క తలుపు మీద సొట్ట ఉండేది కదా, అరచెయ్యంత. అదేమైంది?"

"తీసేశాను. లోపల్నుంచి తట్టి, పుట్టీ పెట్టి, రుద్ది... చూడమ్మా, చెయ్యి పెట్టి చూడు. అక్కడ సొట్ట ఉండేదని ఎవరూ చెప్పలేరు."

"నేను చెప్పగలను. నువ్వు పుట్టావని కబురందగానే మీ నాన్న ఈ బండిలో పరుగున వచ్చి ఆసుపత్రి గేటు స్తంభానికి గుద్దాడు. గుద్దినట్టు కూడా తెలియదట. పైకొచ్చి నిన్ను ఎత్తుకున్నాక ఎవరో వచ్చి చెప్పారు. ఆ సొట్ట బాగు చేయించమని ఎంతమంది అన్నా ఒప్పుకోలేదు. ఉండనియ్యండి, వాడు పుట్టిన రోజుకి గుర్తు అన్నాడు. నువ్వు చక్కగా చదును చేసేశావు. బాగుంది. చేతికి కూడా తగలటం లేదు."

"ఏమండీ, ఇంక అవన్నీ ఎందుకు. మీరే కదా పొద్దున అన్నారు, మైనం కూడా అయిపోయింది, ఇంక చెయ్యడానికేమీ లేదని. నేను అది పట్టుకుని ఎదురింటి కరెంటాయనతో మాట్లాడేశాను. వాళ్ళ రేకుల షెడ్డు ఖాళీగా ఉందట, పెట్టుకోండమ్మా అన్నారు. ఆయనా వాళ్ళ తమ్ముడూ వచ్చి వీధిలో నిలబడ్డారు. ఒక్క తోపు తోస్తే అయిపోతుంది. అత్తయ్య మంచం కిందికి దించడానికి కూడా వాళ్ళే సాయం పడతామన్నారు."

"ఇప్పుడా? ఇప్పుడెలా కుదురుతుంది? టైర్లలో గాలి లేదు."

"పంపు తెచ్చారండీ."

"షెడ్డులో చెమ్మ ఉంటుంది."

"వాన పడేలోగా తోసేస్తే ఉండదు."

"ఇంకో కోటింగ్ మైనం..."

"నాలుగుసార్లు పోశారు కదండీ. తలుపు తీస్తే నా చీరకి అంటుకుంటోంది."

"ఒరేయ్ నాయనా. బయటికి రా. కారు కింద నుంచి నువ్వొక్కడివే కాదు, కడుపులో మాటతో సహా. ఏమిటి సంగతి?"

"ఏం లేదమ్మా."

"నీకు ఏమీ లేనప్పుడు ఇంత మెల్లగా మాట్లాడవు."

"తోద్దామనే ఉంది. కానీ..."

"కానీ ఏమిటి?"

"ఎటు నుంచి తోస్తారు?"

"ఎటు నుంచేమిటండీ, వెనక నుంచి. అటు వీధిలోకి..."

"అటు ఏముంది?"

"అటు... గోడ."

"గోడే. ఇటు, నువ్వు నిలబడ్డ గుమ్మం. దాంట్లోంచి దీని ముక్కు కూడా పట్టదు."

"అయ్యో రామా. ఇక్కడ షట్టరు ఉండాలి కదరా?"

"షట్టరు సందుల్లోంచి చెమ్మ వస్తోందని తీయించేశాను కదమ్మా. తీసి గోడ కట్టించాను. నువ్వు ఇక్కడే కూర్చున్నావు అప్పుడు."

"కూర్చున్నాను. అవును, ఇదే కుర్చీలో. మేస్త్రీకి టీ కూడా ఇచ్చాను. ఆయన గోడ తడిమి, గాలి కూడా దూరదమ్మా అన్నాడు. నువ్వు వచ్చి తడిమావు. నేను కూడా లేచి తడిమి, భలే గోడ నాయనా అన్నాను. అందరం బండి వైపు వీపు పెట్టి నిలబడ్డాం. ఎవరమూ వెనక్కి తిరగలేదు."

"సున్నం రంగు నేనే చెప్పానత్తయ్యా. లేత పసుపైతే కారుకి నప్పుతుందని."

"నీకు ఎప్పుడు తెలిసిందిరా?"

"సున్నం ఆరిన రోజు. ఫొటో తీద్దామని వెనక్కి నడుస్తుంటే వీపుకి గోడ తగిలింది."

"అప్పట్నుంచి చెప్పలేదా?"

"ఎలా చెప్పనమ్మా? మీ ఇద్దరూ గది ఎప్పుడు, గది ఎప్పుడు అంటుంటే ఇంకొక్క పని మిగిలిందని చెబుతూ వచ్చాను. మొదటి మైనం తుప్పుకే పోశాను. తరవాతవి..."

"తరవాతవి మాకోసం పోశావు."

"ఊఁ."

"పిచ్చి నాయన. ఇంత చిన్న మాటకి దాని పొట్టలో అంత మైనం పోశావా? చెబితే నేను కొడతానా? పోనీలే. గోడే కదా. కట్టిన వాళ్ళే పగలగొడతారు. వీధిలో మనుషులు కూడా సిద్ధంగా ఉన్నారు."

"అమ్మా, గోడ పగలగొట్టడం అంటే మాటలా? ఇటుక పొడి, సిమెంటు దుమ్ము, అంతా వచ్చి పెయింటు మీద పడుతుంది. పైగా గోడ తీస్తే వానగాలి నేరుగా లోపలికే. నా కష్టమంతా..."

"మరి అత్తయ్య ఎక్కడ పడుకుంటారండీ?"

"ఈ వానలు వెళ్ళనీ. తరవాత నింపాదిగా ఆలోచిద్దాం."

"వానలు వెళ్ళాక అత్తయ్యకి గది ఎందుకు?"

"ఉండవే అమ్మాయ్, వాణ్ణి కంగారు పెట్టకు. నాకొకటి తోస్తోంది. ఒరేయ్, ఈ గదిలో మంచానికి చోటు లేదు, నిజమే. కానీ బండిలో వెనక సీటు ఉంది కదా? మీ నాన్న ఉన్నప్పుడు మీ అన్నదమ్ములంతా దాని మీదే పడుకునేవారు. పరుపు పరిస్తే నాకు సరిపోతుంది. మెట్లెక్కక్కర్లేదు, కప్పు కారదు. మొత్తం ఇంట్లో చుక్క నీరు చేరని చోటు అదొక్కటే. ఈ వానలకి నేను అందులో పడుకుంటాను. ఏమంటావు?"

"అత్తయ్యా, మీరు కార్లో పడుకోవడమేమిటి?"

"వాణ్ణి చెప్పనీ. ఆలోచిస్తున్నాడు, చూడు. ఏరా?"

"బాగానే ఉంటుందమ్మా. నిజంగా బాగానే ఉంటుంది. సీటు కూడా మెత్తగానే ఉంది. కాకపోతే ఒక్కటి."

"చెప్పు నాయనా."

"అద్దాలు కాస్త దించి పడుకో. రాత్రంతా నీ ఊపిరికి లోపల చెమ్మ చేరుతుంది."

"ఏమండీ, ఏం మాటండీ అది?"

"దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నా పరవాలేదమ్మా."

"అమ్మాయ్. ఆ మూల సుత్తి ఉంది చూడు, పెద్దది. ఇటియ్యి."

"గోడకేనా అత్తయ్యా?"

"ముందు గోడకే."