తలుపుకి అడ్డంపెట్టిన చక్రం

పాత స్పోర్ట్స్ కార్ల సామాను అమ్మే కొట్లో, ఒకావిడ కొట్టాయన చూపించిన తళతళలాడే నాలుగు చక్రాల్నీ ఒక్క చూపుతో పక్కనపెట్టేసి, తలుపు మూసుకుపోకుండా అడ్డంపెట్టిన మాసిన చక్రం ముందు గొంతుక్కూర్చుంది.

"అది తలుపు కోసం పెట్టిందమ్మా. వీటిని చూడండి, మొహం చూసుకోవచ్చు."

"మా ఇంట్లో అద్దం ఉంది బాబాయ్. ఇవి తర్వాత వచ్చినవి. చుట్టూ కన్నాలన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి."

"ఉంటే తప్పా?"

"మొదట్లో వచ్చిన కార్లకి ఈ కన్నాలు చేత్తో ఆకురాయి పెట్టి రుద్దారు. ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఇదిగో, వేలు పెట్టి చూడండి. గరుకుగా లేదూ?"

"అవును సుమా!"

"ఇప్పుడు వెనక్కి తిప్పి ఆ మట్టి గోకండి. పోతపోసినవాళ్ళ గుర్తు, చిన్న నెలవంక, ఉండి తీరాలి."

"అరె, ఉంది! చూడకుండానే ఎంత గట్టిగా చెప్పారమ్మా!"

"చెప్పనా మరి? మా నాన్న కారుకి ఇలాంటివి మూడున్నాయి. నాలుగోదాని కోసం నేనెక్కని కొట్టు గుమ్మం లేదు. ఇంకెక్కడా దొరకదు."

కొట్టాయన చక్రాన్ని లేవనెత్తి, భుజమ్మీది తువ్వాలుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

"ఇంకెక్కడా దొరకదంటారు?"

ఆవిడ నాలిక్కరుచుకుంది.

"అయినా బాబాయ్, ఒక్క చక్రంతో మీరేం చేసుకుంటారు?"

"నిజమే తల్లీ, ఒక్కదానితో ఏం చేసుకుంటాను? మీ మూడూ నాకిచ్చేయండి."