డయానా ఎడమచేయి

బెల్జియంలోని ఔడెనార్డె ఊళ్లో చిరుగులు కుట్టే యోరిస్, మూడు వందల ఏళ్ల నాటి గోడ తివాచీని బాగుచేసి తెచ్చానంటూ గొడెలీవ్ మామ్మ ముందు పరిచాడు. ఆవిడ కాఫీ పక్కన పెట్టి వంగి చూసింది.

"ఇది మాది కాదు నాయనా."

"అదేంటి మామ్మగారూ, వేటదేవత డయానా, ఆవిడ కుక్కలు, అన్నీ ఉన్నాయిగా?"

"ఉన్నాయి. మా డయానా ఎడంచేత్తో బాణం లాగుతుంది. ఈవిడ కుడిచేత్తో లాగుతోందే?"

"ఎడంచేత్తో ఎవరు లాగుతారండీ? పెద్దవారు, మరిచిపోయుంటారు."

"ఆ రోజుల్లో మా ఊరి నేతగాళ్లు మగ్గం కింద బొమ్మ కాగితం పరిచి వెనకవైపు నుంచి నేసేవాళ్లు. తిప్పి చూస్తే కుడి ఎడమయ్యేది. నీకు నకలు నేసిపెట్టినవాడు అది తప్పనుకుని చెయ్యి దిద్దేశాడు."

యోరిస్ గబగబా తివాచీ చుట్టసాగాడు.

"అసలుది... రేపు తెస్తాను."

"రేపెందుకు? నా కోటు అందుకో, నేనూ వస్తున్నా."