అన్న గుమ్మం ముందు

నది రెండుసార్లు పొంగి పశువుల పాకలను ముంచిన ఏడు, ఇరవై ఏళ్లుగా దేశాధ్యక్షుడిగా ఉన్న మా తమ్ముడు ఎన్నికల్లో ఓడిపోయి, పడవలో మా ఇంటికి వచ్చాడు. మా వైపు చిన్నవాళ్లు పెద్దవాళ్లకి చేసే మర్యాదే అయినా, వాడు అధ్యక్షుడు కాబట్టి నేనే మోకాళ్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టాను.

"లే అన్నా. ఇంక నాకక్కర్లేదు."

"నిజంగా దిగిపోయారా? సైన్యాన్ని పిలవలేదు గదా?"

"పిలవమని మంత్రులు చెవి కొరుకుతూనే ఉన్నారు. గెలిచినాయనకి తాళాలిచ్చి వచ్చేశా."

"బతికించావురా. మా అబ్బాయి లికాండో ఆయన జెండా పట్టుకుని తిరిగాడు. తుపాకులొస్తే ముందు వాడే పోయేవాడు."

"తెలుసు. సొంత అన్న కొడుకే నాకు ఓటెయ్యలేదని రాజధానంతా నవ్వింది."

"నేను వేశాగా."

"నువ్వొక్కడివే వేసినట్టున్నావు. చేప ఉందా?"

"ఉంది. ఈసారైనా కూర్చుని తిను."

మర్నాడు పొద్దున్నే తలుపు తీసేసరికి, గుమ్మం ముందు తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత, పెద్దవాణ్ణని నాకు చప్పట్లు కొట్టాడు.