గేటు దాకా వచ్చినవారికి

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ మమతారాణి గారికి, నాకు అటూ ఇటూ కూర్చుని ఇంతసేపూ నా గురించి మంచి మాటలే వెతికి వెతికి చెప్పిన పెద్దలకు, ఫ్యాను కింద కుర్చీ కోసం అందరికంటే ముందొచ్చిన మా స్టాఫ్‌రూము మిత్రులకు, పరీక్షలు అయిపోయినా ఊళ్లకు పోకుండా ఆగిన పిల్లలకు నమస్కారం. కరీంనగర్ ఏప్రిల్ ఎండలో ఒక మనిషి మీద ఇన్ని శాలువాలు కప్పిన మీ ధైర్యానికి కూడా నమస్కారం. (నవ్వులు)

తెలుగు శాఖ పోశం సారు నన్ను అజాతశత్రువు అన్నారు. సార్, మీ నోటి వెంట వచ్చిన మాట కాబట్టి కళ్లకద్దుకుంటున్నాను. కానీ జగడం పెట్టుకోవాలన్నా కాస్త దగ్గరితనం ఉండాలి కదా సార్. మీరూ, మన సంఘం కార్యదర్శి కొండల్ కూడా వారానికోసారి కొట్టుకుంటారు, మళ్లీ ఒకే బండి మీద ఇంటికి పోతారు. ఇన్నేళ్లలో నాతో ఒక్కసారైనా ఎవరూ కొట్లాడలేదు. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

మన కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు రిటైరైనా పూలదండలు కట్టిన జీపులో ఎక్కించి, ముందు డప్పులు, వెనక మనమందరం, ఇంటి దాకా తీసుకుపోతాం. అక్కడ ఇంటివాళ్లు హారతి పట్టి లోపలికి పిలుస్తారు. అందరం వాళ్లింట్లో కూర్చుని తిని, సాయంత్రానికి తిరిగొస్తాం. నిరుడు ఫిజిక్స్ సారును వేములవాడ పక్కన వాళ్ల ఊరికి అట్లాగే దింపి వచ్చాం. మూలుగున్న నల్లిబొక్క నాకంటే నాకని పోశం సారు చేసిన యుద్ధం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. (నవ్వులు)

నా వంతు వచ్చేసరికి కొండల్ పోయిన వారం నా దగ్గరికి వచ్చిండు. చూశారా, కొండల్ పేరెత్తితే నాకూ ఆ భాషే వస్తుంది. ఎంతో ప్రేమగా చెప్పాడు: "మేడం, మీరు ఒక్కలే ఉంటరు. ఇంటికాడ వంటలు, గిన్నెలు, మీకెందుకు పరేషాన్? గీ హాల్లనే భోజనాలు పెట్టిస్తం. జీపుల మిమ్మల్ని గేటు దాక దింపి వస్తం. ఫికర్ చెయ్యకుండ్రి." సరే కొండల్ అన్నాను. ఇంటికి వెళ్లి చెప్పులు కూడా విప్పకుండా చాలాసేపు వసారాలో కూర్చున్నాను.

గేటు దాకా. ఈ ఊళ్లో నేనున్నన్నాళ్లూ మీరందరూ మా గేటు దాకా వచ్చారు. పెళ్లిపత్రికలు గేటు మీద నుంచి అందించారు. వానాకాలం కార్లో దింపారు. నాకు జ్వరమొస్తే మందులు తెచ్చి గేటుకు తగిలించి ఫోన్ చేశారు. నాకు మీరు చేసిన సాయం తక్కువదని అంటే నా నాలుక మీద పుండు పుడుతుంది. "లోపలికి రండి, చాయ్ తాగి పోదురు" అంటే మాత్రం ఎప్పుడూ ఎవరికో టైమైపోయేది.

మొదటి క్రిస్మస్‌కు అరిసెలు, సకినాలు నా చేత్తో చేసి డబ్బా నిండా తెచ్చాను. ఒకరికి షుగర్, ఒకరికి గురువారం ఒక్కపొద్దు, ఒకరికి పన్ను నొప్పి. సాయంత్రం డబ్బా ఎట్లా తెచ్చానో అట్లాగే మోసుకుపోయాను. మరుసటేడు బేకరీ నుంచి కేకు తెచ్చాను. పది నిమిషాల్లో అట్టపెట్టె ఖాళీ. షుగర్ ఉన్నవాళ్లు కూడా రెండేసి ముక్కలు తిన్నారు. అప్పటి నుంచి బేకరీ కేకే తెస్తున్నాను. కేకుకు కులం లేదు, అరిసెకు ఉంది అని నాకు అప్పుడే తెలిసింది.

(కుర్చీలు కదిలిన చప్పుడు)

మమతారాణి గారు గడియారం చూస్తున్నారు. ఎక్కువసేపు తీసుకోను మేడం.

నేను మన పిల్లలకు ఇంగ్లీషు క్లాసులో చెప్పిన పాఠం ఏమిటో ఒకసారి చెప్పనివ్వండి. తెల్లదొరల పాలన పోయాక, వాళ్లు ఏలిన దేశాల నుంచి వచ్చిన నవలలు. ఈ దేశంలో పుట్టి ఆ దేశంలో బతికేవాళ్లు, ఇంట్లో ఒక భాష బడిలో ఒక భాష మాట్లాడేవాళ్లు, రెండు పేర్లున్నవాళ్లు, ఏ ఊరని అడిగితే తడుముకునేవాళ్లు. బహుళ సంస్కృతులు, అస్తిత్వం అని బోర్డు మీద పెద్ద పెద్ద మాటలు రాసేదాన్ని. పిల్లలు అవన్నీ లండన్ కష్టాలనుకుని బుద్ధిగా రాసుకునేవాళ్లు.

నాకు ఆ కష్టాల కోసం అంతదూరం పోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మా బాపుది జమ్మికుంట దగ్గర పల్లె. పత్తి చేలల్లో కూలి వదిలి మందమర్రి బొగ్గుబావిలో చేరాడు. కంపెనీ రికార్డుల్లో మైసయ్య, మెథడిస్టు చర్చిలో జేమ్స్. ఏ పేరుతో పిలిచినా పలికేవాడు. "రెండు పేర్లుంటే ఏమాయె బిడ్డా, ఆకలైతే కాలేది ఒక్క కడుపే గదా" అనేవాడు. మా అవ్వది మహారాష్ట్రలో చాందా వైపు. కోపమొస్తే తెలుగు, ముద్దొస్తే మరాఠీ. బడి నుంచి రాగానే "జేవ్‌లీస్ కా?" అనేది. తిన్నావా అని. ఒక గోడ అవతల యూపీ వాళ్లు, ఇంకో గోడ అవతల రాజక్క వాళ్లు. కాలనీ స్వర్గమని చెప్పను. అక్కడా నీళ్ల నల్లా దగ్గర మాటలుండేవి, మా బిందె తగలకుండా తమది జరిపేవాళ్లూ ఉండేవాళ్లు. కానీ రాజక్క మాత్రం తలుపు కొట్టడమన్నది ఎరగదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, గిన్నె మూత తీసి, "ఇయ్యాల ఏం కూర?" అనేది. ఆ కాలనీ ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని కింద పోయింది. నేను పుట్టిన ఇంటి జాగాలో పెద్ద గొయ్యి ఉంది. బాపు పల్లెకు పోతే కాలనీవాళ్లు వచ్చారంటారు, అవ్వ ఊరికి పోతే తెలుగువాళ్లు వచ్చారంటారు. అందుకే ఎవరైనా మీది ఏ ఊరు మేడం అంటే కరీంనగర్ అని మీ ఊరి పేరు చెప్పుకున్నాను. అబద్ధం చెబుతున్నానేమోనని ప్రతిసారీ అనిపించేది.

ఆ మధ్య ఈ హాల్లోనే బహుళ సంస్కృతుల మీద సదస్సు పెట్టాం. దూరం నుంచి వచ్చిన ఒక ఆచార్యులు మనిషి ఏ ఒక్క గుర్తింపులోనూ ఇమడడని గంటసేపు అద్భుతంగా మాట్లాడారు. దిగివచ్చి చాయ్ తాగుతూ, "మేడం, ఇంటిపేరు చెప్పలేదు మీరు" అన్నారు. చెప్పాను. తేలలేదు ఆయనకు. "అంటే, మీవాళ్లు..." అన్నారు. "బొగ్గుబావిలో పనిచేశారండీ" అన్నాను. పాపం, ఆయన చేతిలో చాయ్ చల్లారిపోయింది. (నవ్వులు)

మనసులో మాటకు వస్తాను. ఒక నవల పాఠం చెబుతుండగా జరిగింది. ఏదో దీవి నుంచి పెద్ద నగరానికి వలస వచ్చిన ఒకామె ఆదివారమాదివారం బల్ల సర్ది, పళ్లేలు పెట్టి కూర్చుంటుంది. ఇరుగుపొరుగు మెట్ల దాకా వస్తారు, పరదాలు బాగున్నాయంటారు, పోతారు. ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు సిద్ధు, అదిగో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఇప్పుడు ఆదిలాబాద్‌లో నాలాగే పంతులు, లేచి అడిగాడు: "మేడం, గామె నోరు తెరిచి లోపలికి రమ్మని గట్టిగ ఎందుకు పిలువలే?"

ఏలినవాళ్ల ముందు ఏలబడినవాళ్ల మౌనం అని ఏదో చెప్పాను సిద్ధూ. అయిదు మార్కులకు సరిపోయే జవాబు. నువ్వు రాసుకున్నావు, మార్కులు కూడా వచ్చుంటాయి. అసలు జవాబు చాలా చిన్నది. పిలిస్తే రారేమోనని భయం. పిలవనంతకాలం, పిలిస్తే వచ్చేవాళ్లేలే అనుకుని బతకొచ్చు. ఆ ఆశతో ఎన్ని సాయంత్రాలైనా ఒక్కతే కూర్చుని అన్నం తినొచ్చు. నేను తిన్నాను.

(ఒక విద్యార్థిని మంచినీళ్ల గ్లాసు తెస్తుంది)

మంచినీళ్లు వద్దులే తల్లీ, బాగానే ఉన్నాను.

ఇవాళ పిలుస్తున్నాను. కొండల్, నన్ను క్షమించాలి. హాల్లో భోజనం వద్దని వంటవాళ్లకు నిన్న నేనే ఫోన్ చేసి చెప్పాను. (కలకలం, నవ్వులు) అట్లా చూడకు కొండల్, నీకు చెబితే ఒప్పుకోవని తెలుసు. మందమర్రి నుంచి రాజక్క వచ్చింది. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని, "ఎంతమందికి వండాలె చెల్లే?" అంది. "ఎంతమందొస్తరో తెల్వదు అక్కా" అన్నాను. "గట్లయితే నిండ వండుదాం. మిగిలితే ఇద్దరం రేపు గూడ తిందాం" అంది. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. మాంసం ముట్టనివాళ్లకు వేరే గిన్నెలు, వేరే గరిటెలు, వేరే పొయ్యి. అది మీ అలవాటు, దాన్ని నేను గౌరవిస్తాను. షుగర్ ఉన్నవాళ్లకు జొన్నరొట్టె కూడా ఉంది. గురువారానికి నా దగ్గర మందు లేదు, కానీ ఇవాళ గురువారం కాదు. (నవ్వులు)

రాలేనివాళ్లు నాకు కారణం చెప్పనక్కర్లేదు. కారణాలన్నీ నాకు కంఠతా వచ్చు. బస్టాండు ఎదురుగా మంచి హోటళ్లున్నాయి. రేపు ఎదురుపడితే ఎప్పటిలాగే నవ్వుతాను.

జీపు వద్దు. రెండు వీధులే కదా, నడిచి పోతాను. డప్పులవాళ్లు మాత్రం ముందు నడవాలి, మా బాపుకు ఆ చప్పుడంటే ప్రాణంగా ఉండేది. దారిలో నేను వెనక్కి తిరిగి చూడను. పెద్ద మనసుతో అంటున్న మాట కాదిది. నా వెనక ఎవరున్నారో చూసుకునే ధైర్యం నాకు లేదు.

నాకు జీతమిచ్చిన ఈ కాలేజీకి, నా మాట విన్న పిల్లలకు, నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిన చేతులకు పేరుపేరునా కృతజ్ఞతలు. మా ఇంటికి వచ్చేవాళ్లకు ఇప్పుడు వీడ్కోలు చెప్పను. మీరు తిని, చేతులు కడుక్కుని, పోయొస్తామని లేచినప్పుడు మా గడప దగ్గర చెబుతాను. రానివాళ్లకు మాత్రం ఇక్కడే, ఇప్పుడే, సెలవు.