నోరు నొక్కిన పెట్టె

రికార్డింగు స్టూడియో వెనక గది. రికార్డింగులన్నీ దాచే డిస్కుల పెట్టె ముందు మెకానిక్ కూర్చున్నాడు. అతని వెనక స్టూడియో నడిపే అక్క, ఆమె తమ్ముడు.

"నేను 'డిస్కు పోయింది' అంటే నీకు 'రిస్కు పోయింది' అని వినపడిందా?"

"ఫోన్లో అలాగే వినపడిందక్కా. రిస్కు పోతే మంచిదేగా అని..."

"అని తాపీగా టీ తాగొచ్చావు! చెవులా అవి, చిల్లులా?"

"అమ్మా, మీరిద్దరూ కాస్త ఆగితే నేను చెబుతాను. ఇందులో నాలుగు డిస్కులున్నాయి. మంచానికి నాలుగు కోళ్ళనుకోండి. ఒక కోడు విరిగినా మిగతా మూడూ మోస్తాయి. దీన్ని రెయిడ్ అంటారు."

"రెయిడయ్యాక ఇల్లు ఖాళీ అవడమే గానీ, మిగిలేదెక్కడ నాయనా?"

"మిగిలిందమ్మా. ఒకటి ఎప్పుడో చచ్చింది. మూడింటిమీదే ఇన్నాళ్ళూ నడిచింది. ఇప్పుడు రెండోది దగ్గుతోంది. అదీ పోతే మంచం కూలినట్టే."

"కొత్తది పెట్టెయ్ అన్నా, గొడవొదిలిపోతుంది!"

"పెడితే దాన్ని నింపడానికి మిగతా మూడూ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చదవాలి తమ్ముడూ. అన్నీ ఒకేసారి కొన్నవి, ఒకే వయసు, ఒకే చాకిరీ. దగ్గేదాన్ని పరిగెత్తిస్తే ఏమవుతుంది? ముందు ముఖ్యమైనవి బయటికి లాగుతున్నా. ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?"

"నాలుగు డిస్కులున్నాయిగా, మళ్ళీ కాపీ ఎందుకూ..."

"నాలుగు కోళ్ళూ మోసేది ఒక్క మంచాన్నేనమ్మా. రెండో మంచం ఉందా అంటున్నా."

"లేదు. అమ్మ గొంతు అందులోనే ఉంది. ఆపరేషనైతే ఇక మాట రాదన్నారనే కదా, కూర్చోబెట్టి కబుర్లన్నీ చెప్పించాం! ఒరేయ్, అది పోయిందో, నీ మొహం చూడను."

"నేనేం చేశానే?"

"పెట్టెను చూసుకునేది ఎవరు? నేనా? మొదటిది చచ్చినప్పుడు ఇది అరవదా?"

"అరిచిందమ్మా. కుయ్యి కుయ్యిమని గోల పెట్టుంటుంది. ఎవరో నోరు నొక్కారు."

"ఎవరో ఏంటి? వీడే!"

"నువ్వు నొక్కమంటేనే నొక్కాను!"

"నేనా? నేను పక్కింటి కుక్కపిల్లను తరమమన్నాను!"

"తరమమన్లేదు. 'ఆ కూత ఆపు' అన్నావు. ఆపాను."

"మరి పెట్టెమీద ఎర్రలైటు వెలగలా?"

"వెలిగింది. ఎర్రలైటు వెలిగితే కిక్కురుమనకూడదని నేర్పింది నువ్వేగా!"

"అది రికార్డింగప్పుడు గుమ్మం మీద వెలిగే లైటురా, గూట్లే! కూసేది పెట్టె అని అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా?"

"చెప్పాను. అమ్మ మాట్లాడుతుంటే తలుపు తీసి మరీ చెప్పాను."

"అబద్ధం! అమ్మ రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో. నీ గొంతు ఎక్కడా లేదు."

"నువ్వు కత్తిరించాక ఎక్కడుంటుంది?"

"తర్వాతైనా చెప్పావా? తర్వాత?"

"తర్వాత... అన్నీ బాగానే ఆడుతున్నాయిగా, అదే సర్దుకుందేమో అనుకున్నా."

"సర్దుకోవడానికి అదేమన్నా కాపురమా?"

"అమ్మా, వచ్చేసింది! అమ్మగారివన్నీ వచ్చేశాయి. ఇదిగో, కత్తిరించని అసలు ముక్క కూడా ఉంది. ఒక్క నిమిషం, సరిగ్గా ఉందో లేదో వినండి."

స్పీకరులో పాత రికార్డింగు మొదలైంది. వెనక సన్నగా కుయ్యిమంటోంది.

"'...అప్పుడు మీ నాన్న గొడుగు మర్చిపోయి...'

'అక్కా, కుక్కపిల్ల కాదే, మన పెట్టే కూస్తోంది...'

'ఎర్రలైటు కనపడట్లా? నోర్ముయ్! ముందు ఆ కూత ఆపు!'

'ఎందుకే వాడిమీద అరుస్తావు? నా మాటలకేం, మళ్ళీ చెబుతాను. ముందు వాడు చెప్పేది వినవే.'"