చేపలకి పడని నీళ్లు

మిట్టమధ్యాహ్నం, నీళ్ల ఫిల్టర్ల దుకాణంలో యజమానికీ, కొనడానికొచ్చిన ఒకావిడకీ మధ్య సాగిన మాటలివి.

"చేపల తొట్టికీ, మేం తాగడానికీ కలిపి ఒకటే ఫిల్టరు ఇవ్వండి."

"కుదరదమ్మా. తాగే నీళ్లకి పెట్టే ఆర్వో నీళ్లలో సారమంతా లాగేస్తుంది. అందులో చేప బతకదు."

"అయితే చేపలదే ఇవ్వండి. మాకెందుకు? కొత్త బోరు నీళ్లు, తియ్యగా ఉంటాయి."

"మరి చేపలకేమైంది?"

"ఎన్నిసార్లు తెచ్చినా పోతున్నాయి. నా చెయ్యి మంచిది కాదంటారు మా ఆయన."

"పోయేముందు గిలగిల్లాడాయా?"

"అబ్బే. అడుక్కి చేరి పడుకున్నాయి. మేత వేసినా కదల్లేదు."

"ఇంట్లో అందరూ ఆ బోరు నీళ్లే తాగుతున్నారా?"

"నేను తప్ప. నాకు పగలంతా ఆఫీసులోనే సరిపోతుంది, ఇంటికి కూడా అక్కడి నీళ్లే సీసాలో పట్టుకుపోతా. ఇవాళ సెలవని, ఫిల్టరూ కొత్త చేపలూ కొందామని ఇలా వచ్చా. మా అత్తగారికైతే ఆ నీళ్లు బాగా పడ్డాయండీ. ఏళ్ల తరబడి కునుకు లేని మనిషి, ఇప్పుడు కుర్చీలోనే గురకపెడుతోంది."

"పిల్లలో?"

"చేపల్ని మేమే ఎంచుకుంటామని పొద్దున్నుంచీ ఒకటే గొడవ. తీరా బయల్దేరేటప్పుడు ఎంత లేపినా లేవలేదు. పడుకోనీలే అని తలుపు దగ్గరగా వేసి వచ్చా."

"ఆ ఫిల్టరు పెట్టె కింద పెట్టండమ్మా. ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి."

"ఇందాకే చేశానండీ, ఎర్ర చేపలు కావాలా నల్లవా అని అడుగుదామని. మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు. ఎవరూ ఎత్తలేదు."