ఆరోసారి పంపిన మార్పు

భోజనాల వేళ. మూడో అంతస్తు వాళ్ళంతా కిందికి దిగారు. మిగిలింది టీముకి పెద్దయిన బావ, అదే టీములో పనిచేసే అతని బావమరిది. బావ సరేననకుండా, వాళ్ళు తయారుచేసే కోడ్ ఎడిటర్‌లోకి ఒక్క లైను కూడా పోదు.

"కాదన్నాను కదరా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎందుకు కాదో చెప్పలేదు బావా. కాదని మాత్రం చెప్పావు."

"తొందరేముంది? జనం ఏళ్ళ తరబడి చేత్తో స్పేస్ బార్ కొట్టుకుంటున్నారు. ఇంకో నెల కొట్టుకుంటారు."

"ఎందుకు కొట్టుకోవాలి? ఎంటర్ నొక్కితే కొత్త లైను ఎంత లోపలికి మొదలవ్వాలో ఎడిటర్‌కే తెలియాలి. మామూలు కోడ్‌లో తెలుస్తోంది. వెబ్ పేజీల టెంప్లేట్ ఫైల్ తెరిస్తే మాత్రం దానికి మతి పోతోంది. పేజీ ట్యాగులదొక లెక్క, మధ్యలో వచ్చే ఇఫ్‌లదీ ఫర్‌లదీ ఇంకో లెక్క. ఒకటి చూస్తే రెండోది చూడదు. ఒక లైను గోడకి కొట్టుకుంటుంది, ఇంకోటి వీధిలో పడుతుంది."

"నాకే పాఠం చెప్తున్నావా?"

"మరి ఒప్పుకో. ఇది ఆరోసారి. పంపి రెండు నెలలు దాటింది. నువ్వు మళ్ళీ ఆఫీసుకొచ్చి కూడా నెల దాటింది. తెరిచైనా చూళ్ళేదు."

"చూశాను."

"ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున్న. ఇఫ్‌లో ఒక డివ్ ట్యాగు తెరిచి, ఎల్స్‌లో ఇంకోటి తెరిచి, చివర్లో రెండింటికీ కలిపి ఒక్కటే మూస్తే నీ లెక్క తప్పుతుందని అయిదోసారి తిప్పి పంపాను కదా. అది సర్దావు. బాగానే సర్దావు. ఎలా సర్దావు?"

"అదీ... ఎల్స్ వచ్చినప్పుడు, వెనక్కి..."

"వెనక్కి?"

"వెనక్కి వెళ్తుంది."

"ఎక్కడికి వెళ్తుంది, మీ అత్తారింటికా? నీళ్ళు నములుతావేంట్రా, నువ్వు రాసిందే కదా."

"ఇఫ్ దగ్గర లెక్క ఎంతుందో గుర్తు పెట్టుకుని, ఎల్స్ రాగానే మళ్ళీ అక్కణ్ణించి మొదలెడుతుంది. అంతే. నాకిప్పుడు పరీక్ష ఎందుకు బావా? తప్పుందా, లేదా?"

"లేదు."

"లేదు కదా. మరి?"

"ఇప్పుడు కాదు."

"కింద అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా? బామ్మర్దిని కాబట్టి కావాలని ఈకలు పీకుతున్నావంటున్నారు."

"అననీ."

"వాళ్ళతో సరే. నా దగ్గర కూడా మొహం చాటేస్తే ఎలా?"

"ఇలా రా. కుర్చీ లాక్కో. ఇది లాగిన్ పేజీ. ఈ లైను మీద మౌస్ పెట్టు. పక్కన ఏమొచ్చింది?"

"అక్క పేరు."

"కింది లైను?"

"అక్కదే."

"తేదీ చదువు."

"మీ పెళ్ళికి ముందుది."

"ఈ ఫోల్డర్‌లో నాలుగొందల ఫైళ్ళున్నాయి. ముప్పావు వంతు మీ అక్క రాసినవే. ఏ లైను మీద పెట్టినా తన పేరొస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకి రాసిందో వస్తుంది. నీ మార్పు లోపలికి వెళ్తే ఏమవుతుంది?"

"ఎవరైనా ఫైల్ తెరిచి సేవ్ చేస్తే, ఇదే లెక్కతో పాత లైన్లన్నీ కూడా వాటంతటవే సర్దుకుంటాయి."

"సర్దుకుంటే?"

"సేవ్ చేసినవాడి పేరు... పడుతుంది."

"రెండు వారాలు తిరక్కుండా ఒక్క లైను మీద కూడా మీ అక్క ఉండదు. నాలుగు స్పేసుల కోసం."

"దానికి మార్గముంది బావా. ఊరికే అటూ ఇటూ జరిపిన మార్పుల్ని లెక్కలోకి తీసుకోవద్దని ఒక జాబితా రాసి పెడితే, పాత పేరే చూపిస్తుంది. నేను రాస్తాను."

"ఎన్నాళ్ళుంటుంది ఆ జాబితా? రేపు ఎవడో కొత్తగా చేరి, ఇదేం చెత్త అని తీసి పారేస్తాడు. నాకు తెలుసు. నేనైనా తీసేసేవాణ్ణి."

"ఇంట్లో ఫొటోలున్నాయి. అక్క రాసుకున్న నోటు పుస్తకాలున్నాయి. ఇక్కడెందుకు పట్టుకు వేలాడతావు?"

"ఇంట్లో ఉన్నది జబ్బుపడ్డ మనిషి రా. ఎటు చూసినా ఆ మంచం, ఆ మందు సీసాలు. ఇక్కడున్నది బాగున్న మనిషి. నాతో వాదించి, వాదించి, చివరికి గెలిచే మనిషి. ఇంకోటి చెప్పనా? ఎవరికీ చెప్పలేదు."

"చెప్పు."

"చివరి మూడు వారాలు సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను కదా. మీ అక్కకది ఇష్టం లేదు. తెల్లారితే ఒకటే పోరు. ఆఫీసుకి వెళ్ళు, ఒక్క గంట వెళ్ళిరా అని. ఆఫీసు ఏట్లో కలవనీ, నేను కదలనన్నాను. మొహం గోడవైపు తిప్పుకునేది. రోజూ అంతే. పన్నెండేళ్ళు కలిసి బతికి, చివర్లో నేనెదురుగా ఉంటే ఓర్చుకోలేకపోయింది. అదే లోపల కోసేస్తోంది నన్ను. అందుకే పొద్దున్నే వచ్చి ఈ ఫైళ్ళ ముందు కూర్చుంటున్నాను. ఇక్కడైతే పొమ్మనదు."

"అలా అనకు బావా."

"నువ్వూ విన్నావు కదరా. ఆ గదిలోనే ఉన్నావు."

"విన్నాను."

"మరి?"

"బావా, నాలుగోసారి ఏమని రాసి తిప్పి పంపావో గుర్తుందా?"

"ఇప్పుడదెందుకు?"

"గుర్తుందా, లేదా?"

"ఇది రాసినవాడికి కళ్ళున్నాయా, ఉంటే ఎక్కడున్నాయి అని రాశాను. బామ్మర్దివి కదా, ఆ మాత్రం అనకూడదా? ఏం, బాధపడ్డావా?"

"బాధా? పడీ పడీ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది."

"ఎవరు?"

"అదే..."

"ఎవర్రా నవ్వింది?"

"నేను చూసుకునేది డేటాబేస్ వైపు బావా. చేరి రెండేళ్ళయింది, ఒక్క టెంప్లేట్ రాసిన పాపాన పోలేదు. ఎల్స్‌లో డివ్ తెరిస్తే ఏమవుతుందో నాకెలా తెలుస్తుంది?"

"మీ అక్కా? తనెలా రాస్తుంది? ఎడమ చేతికి సెలైన్ సూది ఉండేది. ఆ చెయ్యి కదపకూడదన్నారు."

"అందుకే. నువ్వు ఆఫీసుకి వచ్చేశాక మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని పని చేసేది కదా. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ ఎనిమిదేసి, పన్నెండేసి స్పేసులు ఒంటి చేత్తో కొట్టలేక ఒకరోజు ఏడ్చేసింది. మర్నాడు ఇది మొదలెట్టింది."

"నాకెందుకు చెప్పలేదు? తన పేరుతో పంపుంటే అదే రోజు నేను..."

"అదే రోజు కళ్ళు మూసుకుని ఒప్పేసుకునేవాడివి. అక్కా అదే అంది. ఇంట్లో అందరూ నన్ను తిట్టడం మానేశారు చిన్నోడా, అమ్మ కూడా తిట్టట్లేదు, గాజు బొమ్మని చూసినట్టు చూస్తున్నారు అంది. నీ పేరు మీద పంపు, మీ బావ చేత ఒక్కసారి గట్టిగా తిట్టించుకోనీ అంది. నువ్వు తిప్పి పంపినప్పుడల్లా నాకు చూపించి, చూశావా ఎక్కడ పట్టుకున్నాడో అని మురిసిపోయేది. ఆ పూట కాస్త అన్నం కూడా తినేది."

"అయిదుసార్లూ తనేనా?"

"ఆరుసార్లూ. ఆరోది ఎప్పుడు పంపిందో తేదీ చూడు."

"నేను సెలవు పెట్టిన రోజు."

"పొద్దున్న పంపింది. మధ్యాహ్నానికి నువ్వు ఇంటికొచ్చేశావు."

"వచ్చి లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. తన ముందే వేశాను రా. చూశావా, ఇక నీకే అంకితం అన్నాను."

"తెలుసు."

"నువ్వైనా ఒక్క మాట చెవిన వెయ్యొచ్చు కదా."

"రెండుసార్లు అడిగాను బావా. ఒకసారి చూసి చెప్పవూ అని, వరండాలో. ఇలాంటప్పుడు నీ స్పేసులు ముఖ్యమయ్యాయా అని కసిరావు. అంతకంటే చెప్పకూడదని అక్క నా చేత మాట తీసుకుంది. ఆ మాట తప్పుంటే బాగుండేదని రోజూ అనుకుంటున్నాను."

"అంటే ఆఫీసుకి వెళ్ళమని..."

"నువ్వెదురుగా ఉంటే ఓర్చుకోలేక కాదు. నువ్వు మంచినీళ్ళకి లేస్తే చాలు, ఇటు నన్నడిగేది, చూశాడా, ఏమన్నాడు అని. ఆఖరి రోజు కూడా అడిగింది. ఉండబట్టలేక చూశాడక్కా, బాగుందన్నాడు అని అబద్ధం చెప్పాను. నమ్మలేదు బావా. మీ బావ అంత తేలిగ్గా బాగుందనడు, ఇంకా చూసుండడు అంది."